మార్కాపురం పలకల ఎగుమతులు - దిగుమతి సుంకాలు

మార్కాపురం పలకల పరిశ్రమ ఆంధ్ర ప్రదేశ్ లోని పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో లభించే పలకరాయిపై ఆధారపడిన పరిశ్రమ. బడిపిల్లల రాతపలకలతో పేరుపొందిన ఈ పరిశ్రమ, వాటి వాడకం తగ్గిన తరువాత భవన నిర్మాణంలో వాడే డిజైను పలకల వైపు మళ్ళి, విదేశీ కొనుగోలుదారులపై ఆధారపడింది. అందువలన ఒక దేశం దిగుమతి సుంకం పెంచినపుడు అక్కడి కంపెనీలు సరుకు కొనే చోటును మార్చుకుంటే, ఆ ప్రభావం మార్కాపురం క్వారీల వరకు చేరుతుంది. సుంకాలు పెరిగినపుడు కొనేవారు, అమ్మేవారు అనుసరించే మార్గాలను ఈ పరిశ్రమ ఉదాహరణగా ఇక్కడ వివరించడమైనది.

ప్రాంతం, ముడిరాయి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. కడప శిలా సముదాయంలో కంభం పేరుతో వ్యవహరించే పొరలలో ఇక్కడి పలకరాయి లభిస్తుంది. బంకమట్టి నిక్షేపాలు భూగర్భంలో ఒత్తిడికి లోనై రూపాంతరం చెందగా ఏర్పడిన ఈ రాయి పలుచని పొరలుగా చీలుతుంది. ఉలి, సుత్తితో పొరలను చీల్చడం నైపుణ్యంతో కూడిన చేతిపని. ఈ ప్రాంతానికి సముద్రతీరం లేదు కనుక ఎగుమతి సరుకును ముందుగా భూమార్గంలో ఓడరేవుకు చేర్చవలసి ఉంటుంది.

రాతపలక నుండి డిజైను పలకకు

నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వ్యాపించడంతో రాతిపలకలకు గిరాకీ పడిపోయింది. అదే రాయిని గోడలకు, నేలకు, పైకప్పులకు తగిన కొలతలలో కోసి అమ్మడం పరిశ్రమ చేసుకున్న మొదటి పెద్ద సర్దుబాటు. ముడిసరుకు, పనివారు మారలేదు. వస్తువు, కొనుగోలుదారు మాత్రమే మారాయి.

ఈ పరిశ్రమకు మరొక చరిత్ర కూడా కలదు. 1988లో జాతీయ బాల కార్మిక పథకం మొదలైనపుడు ఎంపిక చేసిన తొలి ప్రాంతాలలో మార్కాపురం ఒకటి. పనివారి పరిస్థితులు ఎలా ఉన్నాయన్నది కూడా విదేశీ కొనుగోలుదారులు సరఫరాదారును ఎంచుకునేటపుడు చూసే అంశమే.

సుంకం లెక్క

సుంకాన్ని చెల్లించేది ఎగుమతిదారు కాదు, దిగుమతిదారు. అయితే దానిని ఏ విలువపై లెక్కిస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అంతర్జాతీయ రవాణా, బీమా ఖర్చులను మినహాయించి లెక్కిస్తారు. ఐరోపా సమాఖ్య, భారతదేశం వాటిని కలిపి లెక్కిస్తాయి.

ఉదాహరణకు రాయి విలువ 100 రూపాయలు, ఓడ రవాణా ఖర్చు 40 రూపాయలు అనుకుందాం. సుంకం లేకపోతే మొత్తం 140 రూపాయలు. 50 శాతం సుంకాన్ని రాయి విలువపైనే వేస్తే 50 రూపాయలు చేరి మొత్తం 190 అవుతుంది. రవాణాతో కలిపి వేస్తే 70 రూపాయలు చేరి 210 అవుతుంది. మొదటి పద్ధతిలో కొనుగోలుదారుకు ఖర్చు పెరిగేది 50 శాతం కాదు, సుమారు 36 శాతం. బరువు ఎక్కువ, ధర తక్కువ ఉన్న రాయి వంటి సరుకుకు ఈ తేడా ముఖ్యమైనది. సుంకం రేటును మాత్రమే చూసి సరఫరాదారును మార్చే కంపెనీ పొరపాటు పడే అవకాశం ఉంది.

2025 నాటి మార్పులు

అమెరికా 2025 ఏప్రిల్ 5 నుండి భారతదేశంతో సహా అనేక దేశాల వస్తువులపై 10 శాతం అదనపు సుంకం విధించింది. భారతీయ వస్తువులపై ఇది ఆగస్టు 7 నుండి 25 శాతానికి పెరిగింది. ఆగస్టు 27 నుండి మరో 25 శాతం కలిసి, చాలా వస్తువులపై మొత్తం 50 శాతానికి చేరింది. పలకరాయిని ఎగుమతి చేసే ఇతర దేశాలలో స్పెయిన్, బ్రెజిల్, చైనా ముఖ్యమైనవి. అదే ఆగస్టులో ఐరోపా సమాఖ్య వస్తువులలో ఎక్కువ వాటిపై రేటు 15 శాతంగాను, బ్రెజిల్ వస్తువులలో చాలా వాటిపై 50 శాతంగాను ఉండెను. కొద్ది నెలలలోనే రేట్లు ఇన్ని మార్లు మారినందున, ఒక దేశం నుండి మరొక దేశానికి పూర్తిగా మారిన కంపెనీకి కూడా భద్రత దొరకలేదు.

కొనుగోలు కంపెనీల మార్గాలు

* కొనుగోలును రెండు మూడు దేశాల మధ్య పంచుకోవడం. అయితే సహజమైన రాయి రంగు, పొర, మందం చోటును బట్టి మారుతాయి. ఒకే కట్టడానికి సగం సరుకు ఒక దేశం నుండి, సగం మరొక దేశం నుండి తేవడం సాధారణంగా కుదరదు. అందువలన రాయి రకాన్ని బట్టి పంచుకోవలసి ఉంటుంది.
* పెరిగిన సుంకాన్ని ఎవరు ఎంత భరించాలో ఒప్పందంలోనే రాసుకోవడం.
* వస్తువును సరైన శీర్షిక కింద చూపడం. అంతర్జాతీయ వర్గీకరణలో ముడి పలకరాయి 2514, పనిచేసిన పలకరాయి 6803, రాతపలకలు 9610 శీర్షికల కిందకు వస్తాయి.

సరుకును మూడో దేశం మీదుగా తిప్పి పంపినంత మాత్రాన దాని మూలదేశం మారదు. సుంకం తప్పించుకొనుటకు ఇలా చేసిన సరుకుపై 40 శాతం అదనపు సుంకం వేయాలని అమెరికా 2025లో నిర్ణయించింది.

ఎగుమతిదారుల మార్గాలు

క్వారీని మరొక దేశానికి తరలించడం సాధ్యం కాదు కనుక ఎగుమతిదారు మార్కెట్‌ను మార్చవలసి ఉంటుంది. భారతదేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందాలు ఇందుకు ఉపకరిస్తాయి. యు.ఎ.ఇ.తో ఒప్పందం 2022 మే 1 నుండి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుండి, స్విట్జర్లాండ్, నార్వే తదితర దేశాల కూటమితో 2025 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి కింద రాయితీ పొందుటకు సరుకు భారతదేశంలో తయారైనదని తెలిపే మూలదేశ ధ్రువపత్రం జతచేయాలి.

ధర ఒప్పందం తీరు కూడా ముఖ్యమే. ఓడలోకి ఎక్కించే వరకే బాధ్యత వహిస్తే సుంకం పెరిగిన నష్టం నేరుగా కొనుగోలుదారుది. సుంకంతో సహా గమ్యానికి చేర్చే ధరకు ఒప్పుకుంటే, సరుకు సముద్రంపై ఉండగా రేటు పెరిగినా ఆ నష్టం ఎగుమతిదారుది. చిన్న యూనిట్లకు రెండవది ప్రమాదకరం.

భారం ఎవరిపై

కొనుగోలుదారు ధర తగ్గించమని అడిగినపుడు ఎగుమతిదారు రవాణా ఛార్జీలను గాని, విద్యుత్తు ధరను గాని తగ్గించలేడు. తగ్గింపు చివరకు కూలి రేట్లపై, పని దినాలపై పడే ప్రమాదం ఉంది. రాయి కోత, చీల్చుడులలో వచ్చే సిలికా ధూళి వలన సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. ధూళిని అణచే నీటి ఏర్పాట్లకు, రక్షణ పరికరాలకు పెట్టే ఖర్చును తగ్గించి మిగుల్చుకున్న ధర వ్యాపార సర్దుబాటు కాదు. అది సుంకాన్ని పనివాని ఆరోగ్యంపై వేయడమే. మార్కెట్లు, వస్తువులు, ఒప్పందాలు ఎంత విస్తృతంగా ఉంటే ఈ ఒత్తిడి అంత తగ్గుతుంది.