గింజ ద్రాక్షకి మళ్లీ రోజులొస్తాయా?

రాజుల పేరు పెట్టుకుని హైదరాబాద్ చుట్టూ పందిళ్లన్నీ ఏలిన ద్రాక్ష... ఇవాళ బండి మీద కూడా కనిపించడం లేదు. పాత ద్రాక్షల్ని వైన్ చేసి బతికించుకుంటున్న దేశాల కథ వింటే, మన తీగకీ ఓ దారి ఉందనిపిస్తుంది.

''గింజలున్నయా తమ్మీ?''

''లేవక్కా... అన్నీ సీడ్‌లెస్సే!''

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఏ ద్రాక్ష బండి దగ్గర నిలబడినా ఇదే మాట. లేవంటేనే బేరం, ఉన్నాయంటే అక్క పక్క బండికి వెళ్లిపోతుంది. ఎవరికీ తప్పనిపించని ఈ చిన్న ప్రశ్నే ఓ ద్రాక్ష రకం కొంప ముంచింది. దాని పేరు అనాబ్-ఎ-షాహీ.

బొగ్గుతోపాటే వచ్చింది!

సింగరేణి కుటుంబాలకు 1889 గుర్తుండే సంవత్సరం. ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది అప్పుడే. దాదాపు అదే సమయంలో, 1890 ప్రాంతంలో, హైదరాబాద్‌లో అబ్దుల్ బాకర్ ఖాన్ తోటలో ఓ ద్రాక్ష తీగ వేళ్లూనుకుంది. అరబ్బీలో 'ఇనబ్' అంటే ద్రాక్ష, పర్షియన్‌లో 'షాహీ' అంటే రాజులకు చెందినది. పేరుకి తగ్గట్టే ఉండేది పండు. పొడవుగా, లావుగా, పండేకొద్దీ తేనెరంగుకి తిరిగే గుత్తులు. పైగా విరగకాపు. నగరం చుట్టుపక్కల పల్లెలన్నీ పందిళ్లు వేశాయి. అక్కణ్నుంచి పక్క రాష్ట్రాలకూ పాకింది.

తర్వాత థాంప్సన్ సీడ్‌లెస్ వచ్చింది. గింజ లేదు, తీపి ఎక్కువ, ఎండబెడితే కిస్‌మిస్, పెట్టెలో పెడితే ఎగుమతి. మహారాష్ట్ర రైతులు అందులోంచే తాస్-ఎ-గణేశ్, సొనాక లాంటి రకాల్ని ఎంచి తీశారు. అనాబ్-ఎ-షాహీకి గింజలు ఉండనే ఉన్నాయి, దానికితోడు బూజు తెగులు బెడద. ఈలోగా హైదరాబాద్ పెరిగింది. ద్రాక్ష గుత్తులకన్నా గజాల లెక్కన భూమికే ఎక్కువ ధర పలికింది. పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి.

కొమ్మ పోతే కులం పోయినట్టే

వరి అయితే గుప్పెడు విత్తనం దాచుకుంటే మళ్లీ మొలుస్తుంది. ద్రాక్షకి ఆ వీలు లేదు. గింజ నాటితే మొక్క వస్తుందికానీ తల్లి గుణం రాదు. కొమ్మ కత్తిరించి నాటాల్సిందే. అంటే ఇవాళ ఉన్న ప్రతి అనాబ్-ఎ-షాహీ తీగా ఆ మొదటి తీగకు కొనసాగింపే. చివరి పందిరి కొట్టేసిన రోజున ఆ రకం శాశ్వతంగా పోయినట్టే.

అందుకే రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం, పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం లాంటి చోట్ల రకరకాల తీగల్ని కాపాడతారు. అయితే పరిశోధన కేంద్రంలో బతకడం వేరు, రైతు పొలంలో బతకడం వేరు. పొలంలో ఉండాలంటే ఆ పండు డబ్బు తేవాలి. బజారు వద్దన్న పండుకి డబ్బెవరిస్తారు?

పేపర్లో ప్రకటన ఇచ్చారు

ఈ ప్రశ్నకి స్పెయిన్‌లో ఓ జవాబు దొరికింది. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు వేళ్లు కొరికేసి యూరప్ ద్రాక్షతోటల్ని నాశనం చేసింది. మళ్లీ నాటినప్పుడు రైతులు గిరాకీ ఉన్న రకాలకే మొగ్గు చూపారు, మిగతావి మరుగున పడ్డాయి. 1980ల్లో కాటలోనియాలోని టోరెస్ వైన్ కుటుంబం స్థానిక పత్రికల్లో ప్రకటనలిచ్చింది... 'మీ చేలో పేరు తెలియని ద్రాక్ష తీగ ఉంటే మాకు చెప్పండి' అని. రైతులు కబురుపెట్టారు. అలా 50కి పైగా పాతరకాలు బయటపడ్డాయి. అన్నీ పనికొచ్చేవి కావు. పనికొచ్చిన కొన్నింటితో వైన్ చేసి సీసాల మీద వాటి పేర్లే వేశారు.

గింజే గుణం

తినేవాళ్లకి గింజ అడ్డం. వైన్ చేసేవాళ్లకి అదే సరుకు. తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లే వైన్‌కి వగరునీ నిలవనీ ఇస్తాయి. 8 వేల ఏళ్ల వైన్ చరిత్ర ఉన్న జార్జియాలో తెల్లద్రాక్షని సైతం తొక్కలూ గింజలతో కలిపి భూమిలో పాతిన పెద్ద మట్టిబానల్లో నెలల తరబడి ఉంచుతారు. మన ఆవకాయ జాడీని గుర్తుచేసే ఈ 'క్వెవ్రీ' పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చిన్న దేశంలో సొంత ద్రాక్ష రకాలు 500 పైమాటే.

మన షాహీకి ఓ లోపముంది. వైన్‌కి ద్రాక్షరసంలో తీపి 20 శాతం దాటితే మంచిది, ఇందులో 15 దగ్గరే ఆగిపోతుంది. దాంతో వైన్ పలచబడుతుంది. దీనికీ ఓ మార్గం ఉంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అనాబ్-ఎ-షాహీని 'క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్' అనే రకంతో కలిపి 'అర్క సోమ' తయారుచేసింది. తియ్యటి తెల్ల వైన్‌కి అది పనికొస్తుంది. హైదరాబాద్ తీగ అలా బిడ్డ రూపంలో నిలిచింది.

పక్కవాళ్లు నిలుపుకున్నారు

గింజ ద్రాక్షల్ని వదులుకోని వాళ్లు మన పొరుగునే ఉన్నారు. కర్ణాటకలో నంది కొండల చుట్టూ పండే బెంగళూరు బ్లూ గింజలున్నదే. రసానికీ పోర్ట్ వైన్‌కీ వాడతారు కాబట్టే దానికి గిరాకీ. తమిళనాడు కంబం లోయలోని పన్నీర్ ద్రాక్షకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని 1832లో ఓ ఫ్రెంచి ఫాదరీ తెచ్చాడంటారు. ఇక తెలుగువాళ్లు వైన్ చేయడం లేదా అంటే... చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపీ కొండల్లో 'కృష్మ' తోట పెంచారు. కాకపోతే అక్కడ పేరు తెచ్చుకున్నవి కాబెర్నే సావిన్యో లాంటి విదేశీ రకాలు. మన పాత ద్రాక్షకి ఇంకా అలాంటి చేయి అందలేదు.

'వైన్స్' బోర్డు వెనక

మన ఊళ్లలో వైన్ అంటే ఇబ్బందిగా చూసేవాళ్లే ఎక్కువ. అందులో తప్పులేదు. 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలో అమ్ముడుపోయేది బీరూ విస్కీలే. జీతం రోజున ఆ బోర్డు చూస్తే ఇల్లాళ్ల గుండెల్లో గుబులు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నేల ఇది. వైన్ అయినా అది మద్యమే, అనుమతి లేకుండా తయారుచేయడం నేరమే. కాబట్టి పాత తీగ బతకడానికి వైన్ ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. రసం ఉంది, జామ్ ఉంది. ఏదో ఒకదాని కోసం ఆ పండుని అడిగేవాళ్లుండాలి, అంతే.

క్వార్టర్ ముందు బీరపాదుకి వేసే పందిరి ఒక్క ద్రాక్ష తీగకీ చాలు. పెన్సిల్ లావున్న కొమ్మ, నాలుగు కణుపులు, వేసవిలో తడి ఆరని మొదలు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు. తోటలు పెంచే పని ఇలాంటి ఒక్క కొమ్మతోనే మొదలవుతుంది.

ఈసారి బండి దగ్గర ఆగినప్పుడు ప్రశ్న కాస్త మార్చి అడిగితే పోలా?

''గింజలున్నయి దొరుకుతయా తమ్మీ?''