మీట జాడ

1944లో యుద్ధము సాగుచుండగా జపానులో 63వ శ్రేణి విద్యుత్ రైలుబండ్లు తయారైనవి. జనులు త్వరగా ఎక్కి దిగుటకై పెట్టెకు ప్రక్కకు నాలుగేసి తలుపు లమర్చిరి. కాని సామగ్రి కరవగుటచే లోపలి కప్పునకు కలప వాడిరి. కిటికీల నడిమి భాగము తెరచుటకు వీలులేకుండ బిగించిరి.

1951 ఏప్రిల్ 24న యొకొహామాలోని సకురగిచో స్టేషనువద్ద, వ్రేలాడుచున్న విద్యుత్తు తీగ తగిలి ఒక బండి అంటుకొనెను. తలుపులు తెరచుకొనలేదు. కిటికీల సందున మనుష్యుడు దూరలేడు. తలుపులను చేతితో తెరచుటకు మీట యున్నను, దాని జాడ ప్రయాణికు లెరుగరు. 106 మంది మరణించిరి.

పిదప ఆ బండ్లను సంస్కరించి 73వ శ్రేణిగా మార్చిరి. పెట్టెనుండి పెట్టెకు దారి కల్పించిరి. మీట యున్న చోటును అందరికిని కనబడునట్లు వ్రాసిరి. రక్షణసాధనము ఉన్నంత మాత్రమున చాలదు; అది యెక్కడ నున్నదో ప్రయాణికునకు తెలిసియుండవలెను.