రక్షణ దుస్తులను ఉతికేది ఎవరు?

పత్తి చేలో పురుగుమందు కొట్టి సాయంత్రానికి ఇల్లు చేరిన రైతు చొక్కా విప్పి దండెం మీద వేస్తాడు. మర్నాడు ఉదయం ఆ చొక్కా ఇంట్లోవాళ్లందరి బట్టలతో కలిసి ఒకే బకెట్టులో నానుతుంది. ఉతికే చేతులకు తొడుగులు ఉండవు. మందు కొట్టే మనిషి ముఖానికి ఏం కట్టుకోవాలో, గాలి ఎటు వీస్తుంటే ఎటు నడవాలో వ్యవసాయాధికారులు, రేడియో వ్యవసాయ కార్యక్రమాలు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాయి. ఆ చొక్కా ఉతికే మనిషి ఏం జాగ్రత్త తీసుకోవాలో చెప్పింది మాత్రం చాలా తక్కువ.

పని ప్రదేశంలో వ్యక్తిగత రక్షణ సామగ్రి అనగానే ప్రభుత్వాలకైనా సంస్థలకైనా గుర్తుకువచ్చేది పంపిణీ. ఎన్ని కిట్లు ఇచ్చాం, ఎంతమందికి ఇచ్చాం అన్న లెక్కలు నివేదికల్లో ఉంటాయి. పని ముగిసిన తర్వాత ఆ చేతి తొడుగు, ఆ బూటు, ఆ అంగరఖా ఎక్కడికి పోతున్నాయి, వాటిని ఎవరు ఏ నీటితో కడుగుతున్నారు అన్న లెక్క సాధారణంగా కనిపించదు. తొడుక్కున్నంతసేపు శరీరానికీ విషానికీ మధ్య గోడగా నిలిచిన వస్త్రం, విప్పిన క్షణం నుంచి తానే విషాన్ని మోసే వాహనం అవుతుంది.

ఈ సంగతి మన చట్టానికి తెలియనిది కాదు. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లో 39వ నిబంధన రక్షణ దుస్తుల గురించి చెబుతుంది. మందు లోపలికి ఇంకని పదార్థంతో ఆ దుస్తులు తయారు కావాలని, ప్రతి వాడకం తర్వాత విషపదార్థాలను తొలగించడానికి వీలుగా అవి ఉతకదగినవై ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ముంజేతి సగం వరకు వచ్చే చేతి తొడుగులు, దుమ్ము చొరబడని కళ్లద్దాలు, బూట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నిబంధన వచ్చి అర్ధ శతాబ్దం దాటింది. నేటికీ మన పల్లెల్లో మందు కొట్టే మనిషి రక్షణ సామగ్రి అంటే ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు, పాత ఫుల్‌చేతుల చొక్కా. ఆ తువ్వాలుతోనే మధ్యాహ్నం చెమట తుడుచుకుంటాడు, అన్నం తిన్నాక మూతి తుడుచుకుంటాడు.

2017 ఖరీఫ్‌లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పురుగుమందు సోకి 20 మందికి పైగా మరణించారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పెన్‌గంగ నదికి ఆవలి ఒడ్డున యవత్మాల్, ఈవలి ఒడ్డున మన ఆదిలాబాద్. రెండు చోట్లా అదే పత్తి, అవే మందులు, అవే పంపులు. ఆ ఏడాది పత్తి మొక్కలు మనిషి ఎత్తుకు పెరగడంతో మందు తుంపర నేరుగా ముఖాన పడిందని, రక్షణ సామగ్రి ఎవరి వద్దా లేదని అప్పటి వార్తలు తెలిపాయి. పిచికారీ చేసేవారి శరీరంలోకి మందు చేరే ప్రధాన మార్గం చర్మమే. మందుతో తడిసిన చొక్కా ఒంటిమీద ఉన్నంతసేపూ మందు లోపలికి ఇంకుతూనే ఉంటుంది. సరిగా ఉతకని చొక్కాను మర్నాడు మళ్లీ తొడుక్కుంటే, చేలో అడుగు పెట్టకముందే ఆ పని మళ్లీ మొదలవుతుంది.

బట్టలు ఉతికే మనిషి అనారోగ్యాన్ని వైద్యశాస్త్రం తొలిసారి గట్టిగా పట్టించుకున్నది మరో పరిశ్రమలో, మరో దేశంలో. 1965లో లండన్‌లో మాలీ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బారిన పడినవారి జీవిత వివరాలు సేకరించారు. ఊపిరితిత్తుల పైపొరకు, ఉదర కుహరపు పొరకు వచ్చే ఈ వ్యాధికి ఆస్బెస్టాస్ నూగు కారణం. వారు పరిశీలించిన 76 మందిలో 9 మంది ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో ఎన్నడూ పనిచేయలేదు. వారి ఇంట్లోవాళ్లు పనిచేశారు. ఎక్కువగా కనిపించిన కథ ఒక్కటే. భర్త పని బట్టలను భార్య ఇంటి వద్ద దులిపి, ఉతికింది. కొన్ని దశాబ్దాల తర్వాత వ్యాధి బయటపడింది.

ఆ అనుభవం నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లో ఆస్బెస్టాస్‌పై చేసిన ఒప్పందంలో ఒక స్పష్టమైన నియమం వచ్చింది. పని దుస్తులను, రక్షణ దుస్తులను కార్మికులు ఇంటికి తీసుకువెళ్లడాన్ని జాతీయ చట్టాలు నిషేధించాలి. వాటిని శుభ్రపరచడం, నిల్వ చేయడం, మరమ్మతు చేయడం యజమాని బాధ్యత. భారతదేశం ఈ ఒప్పందాన్ని ఆమోదించలేదు. అయితే 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలోనే, ప్రతి ఫ్యాక్టరీలో కడుక్కునే సదుపాయం ఉండాలని 42వ సెక్షన్ చెప్పింది. బట్టలు భద్రపరచుకోవడానికి, తడి బట్టలు ఆరబెట్టుకోవడానికి తగిన చోటు కల్పించేలా రాష్ట్రాలు నిబంధనలు చేయవచ్చని 43వ సెక్షన్ చెప్పింది. ఒక పంపు, ఒక పాక, ఒక దండెం. అడిగినది ఇంతే. అయితే ఫ్యాక్టరీ గోడల వెలుపల పనిచేసే రైతు కూలీకి, వీధి కార్మికుడికి ఆ మాత్రం సదుపాయమైనా ఎవరు కల్పించాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

విప్పడంలోని ప్రమాదం ఎంతటిదో ఆసుపత్రులు నేర్చుకున్నాయి, అదీ ఖరీదు చెల్లించాకే. 2014లో ఎబోలా వ్యాపించినప్పుడు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఒక నర్సింగ్ సహాయకురాలికి వైరస్ సోకింది. ఆ విడతలో ఆఫ్రికా వెలుపల వ్యాధి సోకిన తొలి వ్యక్తి ఆమే. రక్షణ దుస్తులు విప్పుతున్నప్పుడు తొడుగు ఉన్న చేయి ముఖానికి తగిలి ఉండవచ్చని ఆమె తర్వాత గుర్తుచేసుకున్నారు. కొవిడ్ కాలంలో మన ఆసుపత్రుల్లో దుస్తులు తొడుక్కునే గది వేరుగా, విప్పే గది వేరుగా ఏర్పాటైంది ఇందుకే. అందరికంటే మలినమైన చేతి తొడుగులు ముందు, ముఖానికి ఉన్న మాస్కు చివర, మధ్యలో ప్రతి దశకూ చేతుల శుభ్రత అన్న క్రమం వేలమంది నర్సులకు అలవాటైంది.

కొవిడ్ మరో పాఠం కూడా నేర్పింది. 2020 ఆరంభంలో దేశంలో ఒంటి నిండా కప్పే కిట్ల తయారీ దాదాపు శూన్యం. మే నెల నాటికి రోజుకు 4 లక్షలకు పైగా తయారవుతున్నాయి. కోయంబత్తూరులోని దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం, గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల కృత్రిమ రక్తంతో ఆ వస్త్రాన్ని పరీక్షించాయి. దుస్తుల కొరత అలా తీరింది. మాస్కుల కొరత మాత్రం ప్రపంచమంతటినీ వేధించింది. అప్పుడే చాలామంది ఎన్-95 మాస్కును సబ్బునీళ్లలో ఉతికారు, శానిటైజర్ పోసి తుడిచారు. అది వడకట్టే గుడ్డ వంటిది కాదు. దాని పొరల్లో స్థిర విద్యుదావేశం ఉంటుంది, సూక్ష్మకణాలను పట్టి ఉంచేది చాలా వరకు అదే. సబ్బు, ఆల్కహాలు తగిలితే ఆ ఆవేశం నశిస్తుంది. చూపుకు మాస్కు కొత్తదానిలాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఈ సాంకేతికతను రూపొందించిన అమెరికా శాస్త్రవేత్త పీటర్ సాయ్ పదవీ విరమణ తర్వాత మళ్లీ ప్రయోగశాలకు వచ్చి, మాస్కులను పాడుచేయకుండా శుద్ధి చేసే మార్గాలు వెతికారు. పొడి వేడి అందులో ఒకటి. ఐదు మాస్కులు పెట్టుకుని, రోజుకొకటి వాడి, మిగతావాటిని కాగితపు సంచుల్లో ఆరనివ్వడం అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సూచించిన మరో పద్ధతి. ప్లాస్టిక్ సంచి కాదు, కాగితం. తేమ పోవాలి కదా.

కాబట్టి శుద్ధి అన్నది ఒకే పని కాదు. దుస్తుల మీద ఉన్నది ఏమిటో తెలిస్తేనే పద్ధతి తెలుస్తుంది. సూక్ష్మక్రిమి అయితే చంపాలి. రసాయనం అయితే కడిగి తొలగించాలి. నూగు, ధూళి అయితే లేవనివ్వకూడదు. ఆస్బెస్టాస్ లేదా రాతిపొడి అంటిన బట్టను దులిపినా, గాలి గొట్టంతో ఊదినా అంతవరకు వస్త్రంలో ఉన్నది ఊపిరిలోకి చేరుతుంది. దాన్ని తడిపి తీయాలి.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే పొరపాట్లలో పెద్దది బ్లీచింగ్. ఆసుపత్రి సామగ్రికి, మురుగు పనివారి బూట్లకు 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం మంచి సాధనం. మార్కెట్లో 5 శాతంగా దొరికే ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీరు కలిపితే ఆ గాఢత వస్తుంది. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకోవాలి. ముందుగా సబ్బుతో మురికి వదిలించాలి, ఎందుకంటే మురికి మీద క్లోరిన్ తన శక్తిని ఖర్చు చేసుకుంటుంది. పది నిమిషాల తర్వాత మంచినీటితో జాడించాలి, లేకుంటే రబ్బరు పాడవుతుంది. మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతో దీన్ని ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇదే బ్లీచింగ్‌ను పురుగుమందు చొక్కాకు వాడితే మేలు జరగకపోగా కీడు జరగవచ్చు. మలాథియాన్ క్లోరిన్‌తో కలిస్తే మలాక్సాన్‌గా మారుతుంది, అది అసలు మందుకంటే ఎక్కువ విషం.

మందు కొట్టిన బట్టలకు వేరే క్రమం ఉంది. తొడుగులు చేతికి ఉండగానే వాటిని సబ్బుతో కడుక్కోవాలి. తర్వాత బూట్లు, బట్టలు, కళ్లద్దాలు తీసి, చివరగా తొడుగులను మళ్లీ కడిగి విప్పాలి. బట్టలను అదే రోజు, మిగతా బట్టలతో కలపకుండా, ముందు జాడించి, వేడినీటిలో ఎక్కువ సబ్బుపొడితో ఉతకాలి. ఉతికేవారి చేతికీ తొడుగు ఉండాలి. ఆ నీరు చెరువులోకో కాలువలోకో పోకూడదు. నీటిలో కలిపే పొడి మందుల కంటే నూనె ఆధారంగా తయారైన మందులు గుడ్డను గట్టిగా పట్టుకుంటాయి, ఒక ఉతుకు సరిపోకపోవచ్చు. నీరు కలపని చిక్కటి మందు ఒలికిన చొక్కాను ఎంత ఉతికినా లాభం లేదు, దాన్ని పారవేయవలసిందే. తోలు చెప్పులదీ అదే పరిస్థితి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బిందెడు నీటికి బారులు తీరే ఊళ్లో వేడినీరు, రెండు జాడింపులు అని చెప్పడం సులభం, చేయడం కష్టం. ఒక్క జత బట్టలే ఉన్న కూలీకి అది మరీ కష్టం. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థ సహకారంతో రూపొంది 2024 డిసెంబరులో విడుదలైన ‘కిసాన్ కవచ్’ వస్త్రం, తగిలిన పురుగుమందును అక్కడికక్కడే నిర్వీర్యం చేస్తుంది. ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. ధర 4,000 రూపాయలు. రోజు కూలికి వెళ్లే మనిషి సొంతంగా కొనగలిగిన ధర కాదది.

పురపాలక పారిశుద్ధ్య కార్మికుల విషయంలో చట్టం మరింత వివరంగా ఉంది. మానవ మలాన్ని చేతితో ఎత్తివేసే పనిని నిషేధించిన 2013 చట్టం నిబంధనలు, మురుగు పనికి ఏ సామగ్రి ఇవ్వాలో పొడవైన జాబితా ఇచ్చాయి. కేంద్రం 2023–24లో 349.70 కోట్ల రూపాయలతో ప్రారంభించిన ‘నమస్తే’ పథకం కింద రక్షణ కిట్లు, శిక్షణ, ఆరోగ్య బీమా అందుతున్నాయి. హైదరాబాద్ జలమండలి 2017లోనే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. మురుగు కాలువ పనిలో మరణిస్తే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. మరణం ఒక్క క్షణంలో జరుగుతుంది కనుక లెక్కకు వస్తుంది. ఎలుక మూత్రం కలిసిన మురుగు ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్, కామెర్లు, చర్మవ్యాధులు నెమ్మదిగా వస్తాయి. తడి బూటు లోపలి నుంచీ వస్తాయి, ఇంటి వసారాలో ఆరేసిన తొడుగు నుంచీ వస్తాయి. వాటికి పరిహారం అడిగే కార్మికుడు అరుదు.

వార్డు కార్యాలయం వద్ద ఒక పంపు, రెండు గదుల షెడ్డు, ప్రతి కార్మికుడికి రెండు జతలు, వాటిని కడిగే మనిషికి జీతం: కిట్ల కొనుగోలు టెండరులోనే ఈ ఖర్చును చేర్చవచ్చు. ఒకే జత ఇచ్చి రోజూ ఉతుక్కొమ్మంటే వర్షాకాలంలో అది ఎప్పుడు ఆరుతుంది? పైగా బూట్లను, రబ్బరు తొడుగులను ఎండలో గంటల తరబడి వదిలేస్తే పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. లోపలివైపు బయటికి తిప్పి నీడలో గాలికి ఆరనివ్వాలి. తొడుగులో నీళ్లు నింపి నొక్కి చూస్తే సూదిమొన అంత రంధ్రమైనా బయటపడుతుంది, ఈ పరీక్షకు అర నిమిషం చాలు.

రంధ్రం కనిపించిన తొడుగును పారవేసే ముందు కత్తిరించాలి. ఆసుపత్రుల్లో కళ్లద్దాలు, నైట్రైల్ తొడుగులు ఎర్ర సంచిలోకి, మాస్కులు పసుపు సంచిలోకి వెళ్లాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొవిడ్ సమయంలో నిర్దేశించింది. వీధిలోకి అటువంటి సంచులు రావు. అక్కడ కత్తిరించకుండా వదిలిన తొడుగు చెత్తకుప్పలో మరొకరి కంటపడుతుంది. చెత్త ఏరుకునేవారిని 2024లో ‘నమస్తే’ పథకంలో చేర్చారు. వారిలో చాలామంది చేతికి నేటికీ తొడుగు లేదు. కుప్పలో దొరికినది చిరిగినదైనా కడుక్కుని తొడుక్కుంటారు.