బిల్లు బడికి రాదు, మీటరు మాత్రం ఆగదు

వికారాబాదు: మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు పళ్లాలు పట్టుకొని వంటశాల వైపు పరుగు తీస్తారు. వెనక గదుల్లో ఫ్యాన్లు ఖాళీ బల్లలకు గాలి విసురుతుంటాయి. ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటో కాదు. వికారాబాదులోనైనా, తాండూరులోనైనా సర్కారు బడి గేటు దగ్గర కాసేపు నిలబడితే కనిపించే సంగతే.

ఒకప్పుడు కరెంటు బిల్లంటే ప్రధానోపాధ్యాయులకు గుండె దడ. నూరుమంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు 25 వేల రూపాయలకు మించదు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నా చితకా మరమ్మతులు, కరెంటు అన్నీ అందులోనే. బకాయిలు పేరుకుపోయి కనెక్షన్లు పీకేసిన సందర్భాలు రాష్ట్రంలో లేకపోలేదు. 2024 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ఇస్తున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచి పనే. కాకపోతే బిల్లు భయంతో పాటు స్విచ్చి మీద చెయ్యి కూడా పోయింది. ఆ కరెంటు ఊరికే రాలేదు. దాని సొమ్ము ఖజానా నుంచి విద్యుత్ పంపిణీ సంస్థకు చేరవలసిందే, ఖజానా నిండేది జనం కట్టే పన్నులతోనే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు వాడుకుంటే ఎలా?

ఫ్యాను లెక్క

పాతరకం ఫ్యాను సుమారు 75 వాట్లు తాగుతుంది. పది ఫ్యాన్లు ఒక గంట ఊరికే తిరిగితే ముప్పావు యూనిట్. ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 165 యూనిట్లు గాలిలో కలిసినట్లే. అవే ఫ్యాన్లు రోజుకు ఆరు గంటలు తిరిగితే నాలుగున్నర యూనిట్లు కావాలి. కొత్తగా వచ్చిన 30 వాట్ల ఫ్యాన్లయితే రెండు యూనిట్ల లోపే సరిపోతుంది. ధర ఎక్కువే, నిజం. పాతవి పాడైనప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ పోతే భారం తెలియదు. ట్యూబులైటు సంగతీ అంతే. 40 వాట్ల పాత ట్యూబు, దాని చోకు తినే కరెంటు వేరు. ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లతోనే గదిని వెలిగిస్తుంది. అయినా కిటికీ రెక్కలు బారుగా తెరిస్తే పగటిపూట లైటు ఎందుకు?

ఫ్యాను ఎంత తిరిగినా శ్లాబు కాలితే వచ్చేది వేడిగాలే. ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి నాటికే గదులు కుంపట్లవుతాయి. రాష్ట్రం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానం ప్రభుత్వ భవనాలకూ వర్తిస్తుంది. తెల్లని పూత ఎండను వెనక్కి కొడుతుంది, గదిలో వేడి రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. ఖరీదైన పెయింటు లేకపోతే జిగురు కలిపిన సున్నం రెండు పూతలు చాలు. వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి.

వంటశాలలో

2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో బడి వంట మొదలైంది. ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే వండే చోట్లు ఉన్నాయి. అక్కడ వృథా అయ్యేది కట్టె ఒక్కటే కాదు, వండే అమ్మల ఊపిరి కూడా. పప్పును ముందుగా నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం, ఎసరు కాగాక మంట తగ్గించడం ఇళ్లలో అందరికీ తెలిసిన పనులే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి త్వరగా ఉడుకుతుందన్న పేరుంది.

ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150 గ్రాములు. ప్రాథమిక బడిలో పదిమంది రాని రోజున రిజిస్టరు చూడకుండా వండితే కిలో బియ్యం దండగ. హాజరు పిలిచాకే ఎసట్లో పోస్తే ఈ చిక్కే లేదు. పళ్లెంలో మిగిలింది, కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు ఒక గుంతలో వేసి పైన మన్ను కప్పితే మూడు నెలలకు ఎరువు. గుంతకు గోడలు కావాలా? తాండూరు బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర, గనుల పక్కన పగిలిన నాపరాళ్లు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ ఎరువుతో రెండు మునగ చెట్లు, ఒక కరివేపాకు చెట్టు పెరిగితే వంటకే పనికొస్తాయి. ప్లాస్టిక్ సంచులను మాత్రం గుంతలో వేయకూడదు. చాలా చోట్ల చేస్తున్నట్లు చెట్టుకింద తగలబెట్టనూ కూడదు, ఆ పొగ పీల్చేది పిల్లలే. విడిగా పోగుచేసి పంచాయతీ ట్రాక్టరుకు ఇవ్వాలి.

కారే కుళాయి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. సెకనుకో చుక్క కారినా రోజుకు ఒక బిందెకు పైగా నీళ్లు పోతాయి. ఆ నీటిని ట్యాంకుకు ఎక్కించిన మోటారు కరెంటు అదనం.

కమిటీ చేతిలో

2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు ఊరి మహిళా సమాఖ్య అధ్యక్షురాలే అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. ప్రతి నెల ఒకటో తేదీన మీటరు అంకె నల్లబల్ల మీద రాయించడం వీరికి కష్టం కాదు. కిందటి నెల అంకె తీసివేయడం అయిదో తరగతి పిల్లలకు లెక్కగా ఇవ్వవచ్చు. బడి గ్రాంటులో కనీసం పది శాతం పరిశుభ్రతకే ఖర్చు చేయాలన్న నిబంధన కూడా ఉంది. ఆ పైకం చీపుళ్లకు పోయిందా, కుళాయి వాషర్లకు పోయిందా, ఎరువు గుంతకు ఏమైనా మిగిలిందా అని కమిటీ సమావేశంలో తల్లులు అడగవచ్చు.