దుబ్బ తిన్న ఇంజన్ బోరుకొస్తుంది

రోహిణి కార్తె ఎండల్లో మరిపెడ చుట్టుపక్కల చలకల్లో ట్రాక్టర్ దున్నుతుంటే మీరు చూసే ఉంటారు. ముందు దుబ్బ కనపడుతుంది, ఆ తర్వాతే ట్రాక్టర్. డ్రైవర్ తలకు తువ్వాల చుట్టుకుని, ముక్కుకు, నోటికి అడ్డం కట్టుకుంటాడు. సాయంత్రం బావి దగ్గర ముఖం కడుక్కుంటే నీళ్లు ఎర్రగా పోతాయి. మరి అదే దుబ్బలో పొద్దంతా ఊపిరి పీల్చిన ఇంజన్ సంగతేమిటి? దాని ముక్కుకు కట్టిన తువ్వాలే ఎయిర్ ఫిల్టర్. మన తువ్వాలను రోజూ దులుపుకుంటాం. ఇంజన్ తువ్వాలను కిందటిసారి ఎప్పుడు చూశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

"సర్వీసింగ్‌కు పోయినప్పుడు వాళ్లే చూస్తారులే" అని చాలామంది అనుకుంటాం. ఇంకొందరు "ఎన్ని గంటలకు మార్చాలి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, ఆ లెక్క చెప్పండి చాలు" అంటారు. లెక్క ఉంది. కానీ ట్రాక్టర్ కంపెనీ అయినా, కారు కంపెనీ అయినా పుస్తకంలో ముందుగా రాసే లెక్క మామూలు పనికి, మామూలు రోడ్డుకు. మన చలక దుక్కికి, డొంక దారికి ఆ లెక్క సరిపోదు. ఫిల్టర్‌ను ఎప్పుడు చూడాలో, ఎప్పుడు మార్చాలో తేల్చేది తేదీ కాదు, దుబ్బ.

ఇంజన్ ఎంత గాలి పీలుస్తుంది?

డీజిల్‌ను జాగ్రత్తగా వడగట్టి పోసే రైతు కూడా గాలి గురించి ఆలోచించడు. గాలికి ఖర్చు లేదు కదా! కానీ ఇంజన్ డీజిల్ కన్నా గాలినే ఎక్కువ తాగుతుంది. 2,500 సీసీ ఇంజన్ ఉన్న ట్రాక్టర్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండర్ గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి దాదాపు 2,500 లీటర్లు, గంటకు దాదాపు లక్షన్నర లీటర్ల గాలి. ఎనిమిది గంటలు దున్నితే పన్నెండు లక్షల లీటర్లు. ఆ గాలి వచ్చేది ట్రాక్టర్ చుట్టూ లేచిన దుబ్బలోంచే.

దుబ్బలో సన్నని ఇసుక నలుసులు ఉంటాయి. కంటికి ఆనని ఆ నలుసు ఇంజన్ లైనరు ఇనుము కన్నా గట్టిది. అది లోపలికి పోయి ఇంజన్ ఆయిల్‌తో కలిస్తే వాల్వులు అరగదీయడానికి మెకానిక్‌లు వాడే పేస్టు లాగా తయారవుతుంది. పిస్టన్ పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ రింగులను, లైనర్‌ను అరగదీస్తుంది. మొదట పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది. తర్వాత ఆయిల్ తాగడం మొదలవుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఆఖరికి మెకానిక్ "ఇంజన్ బోరుకొచ్చింది" అంటాడు. ఆ మాట వచ్చేది కూడా సరిగ్గా తొలకరి పదును మీద, బండి షెడ్డులో ఉండకూడని రోజుల్లోనే.

ఈ జబ్బు మనకే కొత్త కాదు. 1915లో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ల సేల్స్‌మన్, పొలం దుమ్మే ఇంజన్‌ను తినేస్తోందని గుర్తించి ఒక ఎయిర్ క్లీనర్‌ను తయారుచేశాడు. తర్వాత అదే పేరుతో పెద్ద ఫిల్టర్ల కంపెనీ నడిచింది. అంటే ఎయిర్ ఫిల్టర్ చరిత్రలో రైతు ట్రాక్టర్‌కు మొదటి నుంచీ చోటుంది.

మూసుకుపోవడం ఒక తంటా, లీకు ఇంకో తంటా

ఫిల్టర్‌కు రెండు రకాల తంటాలు వస్తాయి. మొదటిది దుబ్బ పేరుకుని మూసుకుపోవడం. అప్పుడు గాలి చాలక డీజిల్ సరిగా మండదు. నల్ల పొగ వస్తుంది, లోడు లాగదు, ఇంజన్ వేడెక్కుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. ఇది కంటికి కనపడే జబ్బు. మీకు ముందే చెప్తుంది.

రెండోది లీకు. ఫిల్టర్‌కు చిన్న చిల్లు పడ్డా, కింది రబ్బరు వాషర్ గట్టిపడినా, ఫిల్టర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం చీలినా, దాని క్లిప్పు వదులైనా దుబ్బ నేరుగా లోపలికి పోతుంది. ట్రాక్టర్ మాత్రం బ్రహ్మాండంగా లాగుతుంది. పొగ రాదు, చప్పుడు మారదు. తెలిసేసరికి లైనర్లు అరిగిపోయి ఉంటాయి. అందుకే మురికి ఫిల్టర్ కన్నా చిల్లు ఫిల్టర్ ప్రమాదం.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపి, ఫిల్టర్ దాటిన తర్వాత ఇంజన్ వైపు పోయే గొట్టాన్ని విప్పి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే ఫిల్టర్ పని చేయడం లేదన్నమాట. ఎక్కడో సందు ఉంది. అది దొరికేదాకా బండిని దుక్కికి పంపకండి.

మీ ట్రాక్టర్‌కు ఏ రకం ఉంది?

పాత ట్రాక్టర్లలో ఎక్కువగా ఆయిల్ గిన్నె రకం ఉంటుంది. గాలి పై టోపీలోంచి దిగి కింద గిన్నెలోని ఆయిల్‌ను తాకుతుంది. దుబ్బ ఆయిల్‌కు అంటుకుంటుంది, మిగిలింది జాలీలో ఆగిపోతుంది. దీనికి మార్చాల్సిన కాగితం ఉండదు గానీ, రోజూ చూడాల్సిన పని ఉంటుంది.

మామూలు పనిలో రోజుకొకసారి, అంటే 8 నుంచి 10 గంటల పనికోసారి గిన్నె విప్పి చూడాలి. ఎండు దుక్కిలో రోటవేటర్ వేస్తుంటే పూటకోసారి చూడాలి. అడుగున అర అంగుళం మట్టి పేరుకున్నా, ఆయిల్ చిక్కబడినా పారబోసి, గిన్నెను డీజిల్‌తో కడిగి, తుడిచి, కొత్త ఆయిల్ పోయాలి. మట్టి తక్కువగా ఉన్నా 50 గంటలకోసారి మార్చడం మంచిది. ఇంజన్‌కు వాడే ఆయిలే పోయాలి. ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్ పోసి పొదుపు చేశామనుకోవద్దు.

గిన్నెలో గీత ఉంటుంది. ఆయిల్ గీత దాకానే ఉండాలి. తక్కువైతే దుబ్బ ఆగదు. "ఇంకొంచెం పోస్తే ఇంకా మంచిది" అని ఎక్కువ పోస్తే మరీ ముప్పు. ఆ ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుంటుంది, రేజు దానంతటదే పెరుగుతుంది, స్టాప్ లాగినా ఆగకపోవచ్చు.

కొత్త ట్రాక్టర్లలో చాలావాటికి కాగితం రకం ఉంటుంది. బయట పెద్ద ఫిల్టర్, దాని లోపల చిన్న ఫిల్టర్. డబ్బా కింద రబ్బరు మూతి ఉంటుంది. దాన్ని రోజూ ఒకసారి పిండితే పేరుకున్న దుబ్బ రాలిపోతుంది. పది సెకన్ల పని. మూతి చీలిపోతే వెంటనే కొత్తది వేయాలి.

ఈ రకంలో పెద్ద ఫిల్టర్‌ను రోజూ విప్పకూడదు. గుర్తుంచుకోండి, విప్పిన ప్రతిసారీ కొంత దుబ్బ లోపల రాలే అవకాశం ఉంది, కాగితం చిరిగే అవకాశం ఉంది. డబ్బా మీద ఎర్ర గుర్తు పైకి వచ్చినప్పుడో, మీటర్ల దగ్గర లైటు వెలిగినప్పుడో, పుస్తకంలో చెప్పిన గంటలు నిండినప్పుడో విప్పాలి. ఐదారు సార్లు శుభ్రం చేసినా, ఏడాది నిండినా కొత్తది వేయాలి. లోపలి చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేయనే వద్దు. పెద్దదాన్ని రెండు మూడు సార్లు మార్చినప్పుడు చిన్నదాన్ని కూడా మార్చాలి.

శుభ్రం చేసే పద్ధతి

కాగితం ఫిల్టర్‌కు గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుబ్బ కాగితంలోకి ఇంకా దిగుతుంది. గాలి కారు టైరులో ఉండేంత, అంటే 30 పౌండ్లకు మించకూడదు. పంక్చర్ షాపు కంప్రెషర్ గాలి దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. పైపును కాగితానికి ఆనించి కొడితే సన్న చిల్లులు పడతాయి. అందుకే గాలి తగ్గించి, పైపును జానెడు దూరంలో పట్టుకోవాలి.

తర్వాత చీకటి గదిలో ఫిల్టర్ లోపల టార్చిలైటు వేసి బయటి నుంచి చూడండి. ఎక్కడైనా చుక్కలా వెలుతురు కనపడితే చిల్లు పడినట్టే, పారేయండి. అంతా నల్లగా, వెలుగే రాకుండా ఉంటే మూసుకుపోయినట్టే, అదీ పారేయాల్సిందే.

టైరుకేసి కొట్టి దులపకండి. అంచులు వంకరపోయి సందు ఏర్పడుతుంది. కాగితాన్ని పెట్రోలు, డీజిల్, కిరోసిన్‌తో కడగకండి. కాగితానికి ఆయిల్ పూయకండి. ఇంజన్ నడుస్తుండగా ఫిల్టర్ విప్పకండి. "కొత్తది ఖమ్మం నుంచి రేపొస్తుంది, ఈ ఒక్కపూట ఫిల్టర్ లేకుండానే నడుపుదాం" అనుకోకండి. ఆ ఒక్కపూట అరుగుదల మళ్లీ తిరిగి రాదు. చౌకగా దొరికే డూప్లికేట్ ఫిల్టర్ కొనేముందు మడతలు చూడండి, అంచు రబ్బరును వేలితో నొక్కి చూడండి. మడతలు పలచగా, రబ్బరు గట్టిగా ఉంటే వదిలేయండి.

కాలాన్ని బట్టి జాగ్రత్త

మన దగ్గర ఏడాదంతా ఒకటే పని ఉండదు. వేసవి దుక్కులు, ఎండు నేలలో రోటవేటర్ పని అన్నిటికన్నా చెడ్డవి. మక్కల మిషన్‌కు ట్రాక్టర్ పెట్టినప్పుడు దుబ్బతో పాటు సన్న పొట్టు లేచి పై టోపీ జాలీని మూసేస్తుంది. గంటకోసారి చేత్తో తుడిస్తే చాలు. వీలైతే గాలికి ఎదురుగా, పొట్టు పడని వైపు బండిని నిలపండి. పత్తి, మిర్చి డబ్బాతో తారు రోడ్డు మీద మార్కెట్‌కు పోతే దుబ్బ తక్కువ. కరిగెట్లో దుబ్బ ఉండదు గానీ, నీళ్లు చిల్లి గిన్నెలో పడ్డాయేమో చూడాలి. ఆయిల్ పాలలాగా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే.

కిరాయికి నడిపే ట్రాక్టర్లతో ఇంకో చిక్కుంది. డ్రైవర్ ధ్యాస ఎకరాల మీద ఉంటుంది, ఓనరు ధ్యాస కిరాయి మీద ఉంటుంది, ఫిల్టర్ ఎవరిదీ కాకుండా పోతుంది. ఫిల్టర్ చూసిన రోజున మీటరులోని గంటలను టూల్ బాక్స్ మూత లోపల సుద్దముక్కతో రాసిపెట్టండి. డ్రైవర్ మారినా లెక్క మారదు.

కారుకు, బైకుకు ఎంత?

ఇప్పుడు ఊళ్లలో కార్లు కూడా పెరిగాయి. చాలా కార్ల పుస్తకాల్లో ఎయిర్ ఫిల్టర్‌ను 30 వేల నుంచి 40 వేల కిలోమీటర్లకు మార్చమని ఉంటుంది. అది తారు రోడ్డు మీద తిరిగే బండికి. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి ముందే మార్చాలని అదే పుస్తకంలో ఇంకోచోట ఉంటుంది, మనం ఆ పేజీ దాకా పోం. తండాలకు, బావుల దగ్గరికి మట్టి దారిన రోజూ తిరిగే కారుకు 5 వేల కిలోమీటర్లకోసారి విప్పి చూసి, 15 నుంచి 20 వేలకు మార్చడం క్షేమం. ఏసీ ఫిల్టర్ వేరు, ఇంజన్ ఫిల్టర్ వేరు. ఒకటి మార్చి రెండూ అయిపోయాయనుకోవద్దు.

ఫిల్టర్ మారిస్తే కారు మైలేజీ బాగా పెరుగుతుందని కొందరు చెప్తారు. 2009లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల పరీక్షించి చూస్తే, కంప్యూటర్‌తో పెట్రోలు అందే కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా తగ్గలేదు, పికప్ తగ్గింది. కాబట్టి మార్చేది మైలేజీ కోసం కాదు, ఇంజన్ బతకడం కోసం.

బైకుల్లో స్పాంజి రకం ఉంటే ఉతికి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి పిండి వేయొచ్చు. కంపెనీ నుంచే ఆయిల్ పట్టించి వచ్చే కాగితం రకానికి గాలి కొట్టకూడదు. గడువు వస్తే మార్చడమే.

వరద నీటిలో బండి

దుబ్బ సంగతి చెప్పుకుంటూ నీటి సంగతి వదిలేయలేం. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఏం జరిగిందో మనకు తెలుసు. మనుషుల ప్రాణాలే పోయాయి. పారే నీళ్లలోకి ఏ బండినీ దించవద్దు, ఇందులో రెండో మాట లేదు. ఇంటి ముందు నిలిపిన బండి నీట మునిగితే మాత్రం నీళ్లు తీయగానే తాళం తిప్పకండి. ముందు ఫిల్టర్ డబ్బా విప్పండి. లోపల తడిగా ఉంటే నీళ్లు ఇంజన్‌లోకి పోయి ఉండొచ్చు. గాలి అణిగినట్టు నీరు అణగదు. స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకునో, కట్టి లాక్కునో మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి.

తొలకరి దుక్కులకు ముందు ఒక పూట కేటాయించండి. గిన్నె విప్పండి, గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి, క్లిప్పులు బిగించండి, అవసరమైతే ఫిల్టర్ మార్చండి. ఇంజన్ బోరుకయ్యే ఖర్చు ముందు కొత్త ఫిల్టర్ ధర ఏ మూలకు? ఈ సాయంత్రం బండి చల్లారాక గుడ్డముక్క తీసుకుని బయలుదేరండి. గుడ్డ తెల్లగా వస్తే మీ ఇంజన్ క్షేమం. ఎర్రగా వస్తే రేపటి దుక్కి ఒకరోజు వాయిదా వేసుకోండి.