ఈస్టు తొట్టిలో పండే టీకా

ఉద్యానమనే సంస్కృత పదమే జనుల నోట నలిగి ఉద్దానమైనదని చెబుతారు. టెక్కలి దాటి, పలాస మీదుగా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు సాగిపోయేవారికి ఆ వ్యుత్పత్తి మీద సందేహం కలుగదు. ఎటు చూచినా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను కూలదోసినది. రైతులు మళ్లీ మొక్కలు నాటుకున్నారు. అయితే ఈ పచ్చదనం నడుమనే మూత్రపిండాల వ్యాధి కొన్ని దశాబ్దాలుగా కాపురం చేస్తున్నది. దాని మూలకారణం ఇంతవరకు నిశ్చయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమైనవి. వ్యాధి ముదిరినవారికి ఇక డయాలసిస్ యంత్రమే మూత్రపిండం. వారానికి రెండు మూడుసార్లు రోగి రక్తం గొట్టాల గుండా బయటికి వచ్చి, శుద్ధమై, తిరిగి దేహంలో ప్రవేశిస్తుంది.

రక్తం బయటికి వచ్చేచోట మరొక శత్రువు పొంచి ఉంటుంది. అది కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి వైరసు. ఎండిన రక్తపు మరకలో కూడ ఏడు దినాలపాటు అది బ్రతికి ఉండగలదు. అందువలన డయాలసిస్ చేయించుకునేవారికి దాని టీకా తప్పనిసరి అని వైద్యులు అంటారు. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. మూత్రపిండాలు చెడినవారి దేహంలో రోగనిరోధక శక్తి కూడ మందగిస్తుంది. టీకా వేసినా చాలినంత రక్షణ పుట్టదు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి సాధారణంగా 20 మైక్రోగ్రాముల చొప్పున మూడుసార్లు వేస్తే, వీరికి 40 మైక్రోగ్రాముల చొప్పున నాలుగుసార్లు వేయవలసి వస్తుంది. లెక్క కట్టి చూస్తే ఒకరికి 60, మరొకరికి 160. అనగా అత్యంత బలహీనుడికే అత్యధికంగా మందు కావాలి. ఆ మందు చౌకగా, సమృద్ధిగా తయారుకానినాడు మొదట నష్టపోయేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఈ టీకా ఏమిటి? వైరసు పైపొరలోని ఒకే ఒక మాంసకృత్తు, నేటి పరిభాషలో ప్రొటీను. 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాలో దీనిని రోగం మోస్తున్న మనుష్యుల రక్తం నుంచే తీసేవారు. రక్తం ఎంత దొరికితే టీకా అంత. ఆ అవస్థను తప్పించినది ఈస్టు. వైరసులోని ఆ ప్రొటీనుకు సంబంధించిన జన్యువును వేరుచేసి ఈస్టు కణంలో చొప్పిస్తే, ఈస్టు తన పనితోపాటు ఆ పరాయి ప్రొటీనును కూడ తయారుచేస్తుంది. దీనినే పునస్సంయోజిత ప్రొటీను అంటారు. ఇందులో సజీవమైన వైరసు లేదు. దాని వేషం మాత్రమే ఉన్నది. 1986లో ఇటువంటి టీకా అమెరికాలో వాడుకలోకి వచ్చినది. కాని దిగుమతి అయిన ఆ మందు వెల మన దేశపు సామాన్య కుటుంబానికి అందేది కాదు.

ఎలక్ట్రానిక్సు చదివిన కె. ఐ. వరప్రసాదరెడ్డి 1993లో తన తల్లి శాంతమ్మ పేరిట హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలోను ఆశ్రయం పొంది, యువ శాస్త్రజ్ఞులు ఆ విద్యను స్వయంగా సాధించారు. 1997లో షాన్‌వాక్-బి అనే పేరుతో భారతదేశపు తొలి పునస్సంయోజిత హెపటైటిస్ బి టీకా వెలువడినది. దాని వెల దిగుమతి టీకా వెలలో స్వల్పాంశం మాత్రమే. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి పోయినది. అయితే ఈస్టు చేత పని చేయించుకునే విద్య ఇక్కడివారికి పట్టుబడినది.

వారు ఎంచుకున్న ఈస్టు పేరు పికియా పాస్టోరిస్. ఈస్టు అనగానే పల్లె విద్యార్థికి కల్లులొట్టి గుర్తుకు రావచ్చును. పొద్దున దించిన తియ్యని కల్లు పొద్దెక్కేసరికి నురగలు కక్కడం ఈస్టు చలవే; లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగిపోతుంది. పికియా దానికి దూరపు చుట్టం. ఫ్రాన్సులో ఒక చెట్టు కారిన రసంలో 1920 ప్రాంతంలో దీనిని కనుగొన్నారు. దీని విశేషం, కల్తీసారాలో చేరి మనుష్యుల కళ్లు, ప్రాణాలు తీసే మిథనాలును ఇది ఆహారంగా తినగలదు. తినడానికి ఆల్కహాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కావాలి. ఆ ఎంజైము స్వభావతః మందకొడిది. పనివాడు నెమ్మదైతే పదిమందిని పెట్టుకోవలసిందే గదా! కణం కూడ ఆ ఎంజైమును రాసులుగా తయారుచేస్తుంది. మిథనాలు మీద పెరిగిన కణంలో కరిగిన ప్రొటీన్లలో మూడోవంతు దాకా అదే ఉండవచ్చును. దానిని తయారుచేయమని ఆజ్ఞాపించే జన్యుభాగం అంత శక్తివంతమైనదన్నమాట. శాస్త్రజ్ఞులు ఆ ఆజ్ఞ వెనుక వైరసు జన్యువును తగిలించారు. ఆజ్ఞ పాతదే, తయారయ్యే వస్తువు మాత్రం కొత్తది.

ఇక మిగిలినది పెంపకం. దీని కోసం వాడే ఉక్కు తొట్టిని బయోరియాక్టర్ అంటారు. మొదట ఈస్టుకు గ్లిజరాలు పెడతారు. కొబ్బరినూనెను సబ్బుగా మార్చినప్పుడు విడివడే ద్రవం ఇదే. గ్లిజరాలు ఉన్నంతకాలం ఆ ఆజ్ఞ నిద్రిస్తూ, కణాలు మాత్రం పెరుగుతాయి. చాలినంత పెరిగాక గ్లిజరాలు ఆపి, మిథనాలును చుక్కచుక్కగా అందిస్తారు. అప్పుడు ఆజ్ఞ మేల్కొంటుంది. ఒక లీటరు ద్రవంలో ఎండు తూకాన 100 గ్రాములకు పైగా ఈస్టు పండించవచ్చును.

పంట పెంచాలంటే తిండి పెంచితే సరిపోతుందనుకోవడం ఇక్కడ చెల్లదు. మిథనాలు తగ్గితే ఉత్పత్తి కుంటుపడుతుంది. నిలువ పేరుకుంటే కణమే చస్తుంది. దానిని దహించడానికి విశేషంగా ప్రాణవాయువు కావాలి, ఆ దహనంలో వేడి పుడుతుంది. గాలి చొప్పించడం, తిప్పడం, చల్లార్చడం అనే మూడు పనులలో ఏది వెనుకబడినా తొట్టి అంతా వెనుకబడుతుంది. కణాలు ఎంత తింటున్నవో తెలుసుకోవడానికి ఒక చక్కని ఉపాయం ఉన్నది. మిథనాలును ఒక్క క్షణం ఆపుతారు. తొట్టిలో కరిగిన ప్రాణవాయువు కొలత వెంటనే ఎగిస్తే, పెట్టినది పెట్టినట్లు తింటున్నవని, నిలువ లేదని అర్థం. ఎగియడం ఆలస్యమైతే వడ్డన తగ్గించాలి. ఇటువంటి నిదానమే దిగుబడిని పెంచుతుంది.

పండినదంతా చేతికి రాదు. కణాలే తమ జీర్ణరసాలతో ఆ ప్రొటీనును కొరికివేస్తాయి. అందుకే చాలా ప్రొటీన్ల విషయంలో చివరి దశలో వేడిమిని 30 డిగ్రీల నుంచి కొంత తగ్గిస్తారు. టీకా ప్రొటీను కణం లోపలే ఉంటుంది గనుక కణాలను పగులగొట్టాలి. పలాసలో జీడిగింజ కొట్టేవారికి ఈ కష్టం తెలుసు. పైన కాల్చే జీడి, లోపల పప్పు. పప్పు పగలకుండా వస్తే ఒక వెల, బద్దలైతే మరొక వెల. ఇక్కడ కూడ ప్రొటీను అణువులు ఒకటిగా చేరి, 22 నానోమీటర్ల ఉండలుగా నిలిస్తేనే దేహం దానిని శత్రువుగా గుర్తిస్తుంది. శుద్ధి చేసే ఒక్కొక్క మెట్టులో కొంత పోతుంది. తొట్టిలో దిగుబడిని రెట్టింపు చేసి, శుద్ధిలో సగం పోగొట్టుకుంటే చేసిన శ్రమ సున్న.

ఈస్టు అన్నీ చేయగలదని కూడ అనుకోరాదు. మూత్రపిండ రోగుల రక్తహీనతకు వాడే ఎరిత్రోపాయిటిన్ అనే ప్రొటీనుకు ప్రత్యేకమైన చక్కెర గొలుసులు కావాలి. ఈస్టు అతికించే గొలుసులు వేరు. అందువలన ఆ మందును చిట్టెలుక జాతికి చెందిన జంతువు కణాలలో పండిస్తారు. ఆ కణాలు నెమ్మదిగా పెరిగి ఖర్చు పెంచుతాయి. ఈస్టు చేత మనుష్యుల గొలుసులే అల్లించే ప్రయత్నాలు ప్రయోగశాలలలో ఫలించాయి గాని, ఆ మందు ఇంకా జంతుకణాల నుంచే వస్తున్నది.

హైదరాబాదులో సీసాకెక్కిన టీకా ఉద్దానం చేరేవరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే ఉండాలి. ఎండ సోకినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. మొదటి మోతాదు తరువాత నెలకు ఒకటి, రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. నాలుగవ సూది తరువాత ఒకటి రెండు నెలలకు రక్తం పరీక్షిస్తారు. ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 10 మిల్లీయూనిట్లకు తగ్గితే మళ్లీ మొదటి మోతాదు నుంచి ఆరంభించాలి.