ఫోషాను నుండి బోధను దాక: మల్లగురువుల జీవితము

నిజామాబాదు పట్టణమును వీడి బోధను దిక్కుగా సాగునప్పుడు, నిజాంసాగరు కాలువలు పచ్చబరచిన వరిమళ్ళును చెఱకుతోటలును దాటి, 1937లో శక్కరునగరున స్థాపితమై 2015లో మూతబడిన చక్కెర ఫ్యాక్టరీని గడచి, మంజీరా తీరపు సరిహద్దు పల్లెలను చేరుదుము. ఈ పల్లెలలో దేహబలము నేటికిని ఉత్సవవస్తువే. హున్సా గ్రామమున హోళీ నాటి సాయంకాలము జనులు రెండు పక్షములుగా చీలి, నడుమ కట్టిన త్రాటిని ఒకచేత పట్టుకొని, రెండవచేత పిడిగుద్దులు గ్రుద్దుకొని, కొంతసేపటికి ఆ పగవాండ్రే ఒకరినొకరు కౌగిలించుకొందురు. పండుగలకును జాతరలకును జరుగు కుస్తీపోటీలు బాలుర కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండికడియపు కుస్తీతో ముగియును. నాందేడు, దెగ్లూరు ప్రాంతముల నుండి సైతము పహిల్వానులు వచ్చి ఈ బరులలో దిగుదురు.

కడియము గెలిచిన పహిల్వాను పేరు ఊరూర వినబడును. వానికి పట్టులు నేర్పిన ఉస్తాదు పేరు చెప్పగలవారు మాత్రము అరుదు. మల్లవిద్యకు చరిత్ర వ్రాయబూనువారు మొదట వెదకవలసినది గెలిచినవానిని గాక నేర్పినవానినే యని నా దృఢవిశ్వాసము. ఈ విషయమున చైనా దేశస్థులు మనకంటె శ్రద్ధాళువులు. అచ్చటి సంప్రదాయములో విద్యార్థి గురువు ముందు మోకరిల్లి తేనీటిపాత్ర సమర్పించిన పిమ్మటనే శిష్యుడగును. అది మొదలు గురువంశపు నామావళి వానికి తన వంశవృక్షమంత ముఖ్యము. ఇందుకు ఇప్ మాన్ అను గురువు జీవితము చక్కని నిదర్శనము.

దక్షిణ చైనాలోని ఫోషాను నగరమున 1893లో కలవారి యింట జన్మించిన ఇప్ మాన్, బాల్యముననే చాన్ వా-షున్ అను వృద్ధగురువునకు చిట్టచివరి శిష్యుడయ్యెను. ఆ చాన్‌కు విద్య నేర్పిన ల్యూంగ్ జాన్ ఫోషానులో మూలికావైద్యుడు. ప్రహారము నేర్పువాడే బెణికిన కీలును సరిచేయువాడును అగుట ఆ దేశపు పరంపరలో పరిపాటి; మన తాలీముల ఉస్తాదులు తొలగిన భుజమును యథాస్థానమున కూర్చుటయు ఈ కోవలోనిదే. ఇప్ మాన్ అభ్యసించిన వింగ్ చున్ విద్యలో రిక్తహస్తముల క్రమములు మూడు. వాటికి తోడు కొయ్యబొమ్మపై సాధన, పొడుగుకఱ్ఱ, జంటకత్తులు. ఎగురుటకును దూకుటకును అందులో ప్రాధాన్యము స్వల్పము. తన దేహమధ్యరేఖను కాచుకొనుచు, అతిసమీపమున, అల్పశక్తితో ఎదిరిని నిలువరించుటయే దాని మర్మము. ఇరువురు ముంజేతులు ఆనించుకొని, కన్నులతో గాక స్పర్శతోనే ఎదుటివాని బలము ఏ దిక్కున కదలుచున్నదో గ్రహించు అభ్యాసమొకటి ఇందులో గలదు. కుస్తీలో మెడపట్టు పట్టినవాడు ప్రత్యర్థి తదుపరి కదలికను చర్మముతోనే పసిగట్టుట చూచినవారికి ఇది తేలికగా బోధపడును.

ఫోషానులో పోలీసు ఉద్యోగము చేసిన ఇప్ మాన్, 1949లో రాజ్యము కమ్యూనిస్టుల వశమగు తరుణమున, ఏబదియారేండ్ల ప్రాయమున, ఆస్తిపాస్తులు విడిచి హాంగ్‌కాంగు చేరెను. కలవారి బిడ్డడై వేడుకకు నేర్చిన విద్యయే అచ్చట అన్నము పెట్టు వృత్తియయ్యెను. హోటలు కార్మికుల సంఘమందిరమున మొదలిడిన బోధన, దారిద్ర్యము వెన్నంటుచుండగా, ఇరుకుగదులకు మాఱుచు సాగెను. 1950ల నడుమ ఆయన యొద్దకు వచ్చిన కుఱ్ఱవాండ్రలో బ్రూస్ లీ యొకడు. లోకము శిష్యుని చలనచిత్రములలో చూచి, ఆ పిమ్మటనే గురువు పేరు విన్నది. 1972లో, మరణము సమీపించిన దినములలో, ఇప్ మాన్ తన క్రమములను తానే అభినయించి ఫిలిముపై చిత్రింపజేసి, ఆ డిసెంబరు 2వ తేదీన కన్నుమూసెను. తరతరములుగా చేతినుండి చేతికి వచ్చిన విద్య తనతో అంతరించునేమో యన్న చింత ఆ వృద్ధుని చేత కెమెరా ముందు చేతులాడింపజేసెను. ఆ జీవితములో నన్ను మిక్కిలి కదిలించునది ఈ ఘట్టమే.

మన నిజామాబాదునకును ఇట్టి గురుగృహము కలదు. బాక్సింగు శిక్షకుడు సంసాముద్దీన్ తన కుమారులకు తానే గురువై విద్య నేర్పెను. వారిలో 1994లో జన్మించిన మహమ్మద్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్‌వెల్తు క్రీడలలో కాంస్యములు గెలిచి, 2023లో తాష్కెంటు ప్రపంచపోటీలలోను కాంస్యము పొందెను. 1996లో ఈ పట్టణముననే జన్మించి, తండ్రి జమీల్ అహ్మద్ ప్రోత్సాహమున పరుగుపందెముల నుండి బాక్సింగునకు మరలిన నిఖత్ జరీన్‌కును తొలిపాఠములు సంసాముద్దీన్ యొద్దనే. బాలురతోనే తలపడుచు, గాయపడిన ముఖముతో ఇల్లు చేరినను ఆ బాలిక బరిని విడువలేదు. పిదప విశాఖపట్టణమున ఐ.వి. రావు శిక్షణలో రాటుదేలి, 2011లో జూనియరు ప్రపంచ విజేతయై, 2022లో ఇస్తాంబులులోను 2023లో ఢిల్లీలోను ప్రపంచ కిరీటమును గెలిచెను. 2024 పారిస్ ఒలింపిక్సులో ఆమెను ఓడించిన చైనా వనిత వూ యూ తమ విభాగపు స్వర్ణము కైవసము చేసికొనెను. తొలిగురువు కర్తవ్యము ఈ పతకములన్నింటికిని ముందే ముగిసియుండును: కాలి నిలుకడ, గడ్డము కాపుదల, దెబ్బ తగిలినప్పుడు కన్ను మూయకుండుట — ఇవి చిన్ననాట అలవడకున్న, ఎంతటి జాతీయశిబిరమైనను పిమ్మట అతికింపజాలదు.

బాక్సింగు గురువులకు పతకములతోపాటు పత్రికలలో కొంత తావు దొరకినది; బోధను చెఱకుపల్లెల కుస్తీ ఉస్తాదులకు అదియును లేదు. బరిమట్టిని జల్లించి పసుపు, నూనె కలిపి మెత్తజేయు తీరు, దండెములు బస్కీలు తీయించు క్రమము, ఏ వయసు పిల్లవానికి ఏ పట్టు ముందు నేర్పవలెనన్న వివేకము, ఇవి ఏ గ్రంథమునను లేవు. వృద్ధుల చేతులలో మాత్రమే యున్నవి. నేడు ప్రతి గ్రామయువకుని చేతను ఫోనున్నది. వచ్చు హోళీకి హున్సా వెళ్ళు యువకులు పిడిగుద్దుల వేడుకను చిత్రించుటతో తృప్తి నొందక, ఆ చుట్టుపట్ల ఊళ్ళ ఉస్తాదుల నొక పూట కూర్చుండబెట్టి, వారు పట్టులు చూపుచుండగా చిత్రించి, వారి గురువు పేరు, ఆ గురువునకు గురువు పేరు అడిగి వ్రాసికొని, ఆ ప్రతిని నిజామాబాదు గ్రంథాలయమున నిలుపవలెనని నా విన్నపము.